బోటు మోటర్లకు ఇక లూజు టూటీ ఆయిల్ ఇవ్వను

వైజాగ్ కాలనీ, చందంపేట, డిండి వైపు నుంచి దేవరకొండలోని మన షాపుకు వచ్చే బోటు అన్నలందరికీ ఈ సంగతి ముందే చెప్పాలి. వచ్చే నెల నుంచి బోటు మోటర్లకు లూజు టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజిన్లకు పెట్రోలులో కలిపే ఆయిల్) ఇవ్వడం ఆపేస్తున్నాను. డ్రమ్ములోంచి పట్టేదైనా, బైకులకు వాడే ప్యాకెట్లైనా, బోటు కోసమని అడిగితే ఇవ్వను. డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 అని ముద్ర ఉన్న సీలు ఆయిల్ మాత్రమే పెడతాను. నీళ్లతో చల్లబడే టూ స్ట్రోక్ బోటు మోటర్ల కోసం చేసిన ఆయిల్‌కు ఇచ్చే ముద్ర అది. దాని ధర ఎక్కువ. ఎందుకు ఎక్కువ పెట్టాలో చెప్పకుండా డబ్బులు తీసుకోవడం నాకు ఇష్టం లేదు, అందుకే ఇంత రాస్తున్నాను.

సాగర్ వెనక నీళ్లలో తిరిగే మోటర్లు చాలావరకు సెకండ్ హ్యాండ్‌వే. ఎక్కడో కొన్నేళ్లు తిరిగి, రెండు మూడు చేతులు మారి మన దగ్గరికి వచ్చినవి. అందుకని "పాత మోటరే కదన్నా, దానికి ఏ ఆయిల్ అయితేంది, జర చిక్కగుంటే చాలు" అంటారు. ఈ మాట నేను ఒప్పుకోను. రింగులు అరిగి, లోపల కార్బన్ పట్టి ఉన్న మోటరుకే ఆయిల్ విషయంలో జాగ్రత్త ఎక్కువ కావాలి. కొత్త మోటరు తట్టుకున్నట్టు అది తట్టుకోలేదు.

టూ స్ట్రోక్‌లో ఆయిల్‌కు వేరే గది ఉండదు. పెట్రోలుతో కలిసి లోపలికి పోతుంది, దారిలో బేరింగులను, పిస్టన్‌ను తడుపుతుంది, చివరికి పెట్రోలుతో పాటే కాలిపోతుంది. కాబట్టి అది నున్నగా ఉంటే సరిపోదు, శుభ్రంగా కాలాలి కూడా. బైకు, స్ప్రేయరు ఇంజిన్లు గాలితో చల్లబడతాయి, చాలా వేడెక్కుతాయి. ఆ వేడిలో పిస్టన్ శుభ్రంగా ఉండాలని వాటి ఆయిల్‌లో కాల్షియం లాంటి లోహం ఉన్న మందులు కలుపుతారు. అవి కాలినప్పుడు కొంచెం బూడిద మిగులుతుంది. ఆ ఇంజిన్లకు దానితో పెద్ద ఇబ్బంది లేదు.

బోటు మోటరు పని వేరు. రిజర్వాయరు నీళ్లనే లోపలికి లాగి చల్లబడుతుంది కాబట్టి బైకంత వేడెక్కదు. కానీ ఒడ్డు వదిలాక గంటల తరబడి ఒకే స్పీడులో, వలలు, మనుషులు, చేపల బరువుతో ఫుల్లు మీద తిరుగుతుంది. బైకు లాగా మధ్యలో గేరు మార్చేదీ, ఆగేదీ ఉండదు. ఆ లోడులో బైకు ఆయిల్ బూడిద పిస్టన్ తల మీద, ప్లగ్గు సందులో పేరుకుంటుంది. ప్లగ్గు ఆగిపోతే తాడు లాగి లాగి చేతులు నొప్పి పెట్టడంతో పోతుంది. అదే బూడిద గడ్డ ఎర్రగా కాగితే మాత్రం, ప్లగ్గు మంట ఇవ్వకముందే పెట్రోలు అంటుకుంటుంది. పిస్టన్‌కు బొక్క పడేది ఇట్లాగే. టీసీ-డబ్ల్యూ3 ఆయిల్‌లో బూడిద మిగిల్చే లోహపు మందులు ఉండవు. నీళ్ల మీద ఉండే మోటరు కాబట్టి తుప్పు పట్టకుండా కూడా చూసుకుంటుంది. 1990ల్లో వచ్చిన ముద్ర అయినా అంతకుముందు మోటర్లకు కూడా పనికొస్తుంది. మోటరు కంపెనీ ఆయిలే కావాలని కూడా లేదు. యమహా మోటరుకు యమాలూబ్ పోస్తే మంచిదే, వేరే కంపెనీది అయినా ఆ ముద్ర నిజంగా ఉంటే పోయవచ్చు.

ట్రాక్టరుకో, ఫోర్ స్ట్రోక్ బైకుకో పోసే 20డబ్ల్యూ40 మాత్రం ఎంత అవసరమైనా కలపకండి. అది కాల్చడానికి చేసిన ఆయిల్ కాదు. అట్లాగే బోటు కోసం కొన్న డబ్బాలోంచి తీసి పొలంలో మందు కొట్టే స్ప్రేయరులో పోయకండి. ఆ వేడికి ఇది సరిపోదు. స్ప్రేయర్లకు, పాత మోపెడ్లకు జాసో ఎఫ్‌సీ, ఎఫ్‌డీ అని జపాన్ ముద్ర ఉన్న టూటీ ఆయిల్ మన షాపులో ఎప్పటిలాగే ఉంటుంది, వేరే అరలో.

ఒక హోల్‌సేల్ డీలరు మొన్న డబ్బాలు పట్టుకొచ్చాడు. పెద్దగా 'మెరైన్' అని అచ్చు, పక్కన పడవ బొమ్మ, ధర చూస్తే లూజు ఆయిల్‌కు కొంచెం పైన. ఎంత తిప్పి చూసినా టీసీ-డబ్ల్యూ3 ముద్ర లేదు, దానికి ఉండాల్సిన రిజిస్ట్రేషన్ నంబరు లేదు. ఎవరూ చూడరని ఆయన అన్నాడు. వెనక్కి పంపించేశాను. మీరు ఎక్కడ కొన్నా పడవ బొమ్మ చూడకండి, ఆ ముద్ర చూడండి.

ఇప్పుడు డబ్బుల లెక్క. లూజు ఆయిల్ మీదే నాకు ఎక్కువ మిగిలేది, దీని మీద తక్కువే. మీ వైపు నుంచి చూస్తే, 50కి 1 పాళ్లు (50 వంతుల పెట్రోలుకు 1 వంతు ఆయిల్) ఉన్న మోటరుకు లీటరు పెట్రోలులో పడే ఆయిల్ 20 మిల్లీలీటర్లు. అంటే ఆయిల్ లీటరుకు 200 రూపాయలు ఎక్కువ అనుకున్నా, లీటరు పెట్రోలు మీద మీకు పడే భారం 4 రూపాయలు. ఒక్కసారి పిస్టన్, రింగులు మార్చి బోరు కొట్టించినవాళ్లకు ఈ 4 రూపాయల విలువ నేను చెప్పక్కర్లేదు.

ఎంత మంచి ఆయిల్ అయినా కొలత తప్పితే లాభం లేదు. మూతతో, కూల్‌డ్రింక్ సీసాతో, కంటి లెక్కతో పోసేవాళ్లు చాలామంది ఉన్నారు. మోటరు మీద ప్లేటులో గానీ, మాన్యువల్‌లో గానీ ఎంత రాసుంటే అంతే పోయాలి. 50కి 1 అయితే 5 లీటర్లకు 100, 10 లీటర్లకు 200, 20 లీటర్లకు 400 మిల్లీలీటర్లు. బాగా పాత మోటర్లు కొన్నింటికి 25కి 1 ఉంటుంది, వాటికి దీనికి రెట్టింపు. కొన్ని మోడళ్లలో ఆయిల్ ట్యాంకు వేరేగా ఉండి పంపు దానంతటదే కలుపుతుంది. చేతులు మారిన మోటర్లలో ఆ పంపు తీసేసి ఉండొచ్చు. తెలియకుండా ఒట్టి పెట్రోలు పోస్తే గంటలో ఇంజిన్ పట్టేస్తుంది. అనుమానం ఉంటే మోటరు తెండి, చూసి చెప్తాను, దానికి డబ్బులు వద్దు.

"ఎక్కువ పోస్తే ఇంకా మంచిదే కదా" అన్నది కూడా సరికాదు. ఆయిల్ ఎక్కువైతే అదే కొలతలో పెట్రోలు తగ్గుతుంది, మిశ్రమం పలచబడి వేడి పెరుగుతుంది. పొగ, కార్బన్ అదనం. కలిపేటప్పుడు క్యానులో సగం పెట్రోలు పోసి, ఆయిల్ పోసి, బాగా ఊపి, మిగతా పెట్రోలు పోయండి.

పెట్రోలు సంగతి కూడా మారింది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ నీళ్లను పట్టుకుంటుంది. వానాకాలంలో బోటులోనే వదిలేసిన ట్యాంకులో నీళ్లు మరీ ఎక్కువైతే, ఇథనాల్, నీళ్లు కలిసి విడిపోయి అడుగుకు దిగుతాయి. ఆయిల్ మాత్రం పైన పెట్రోలులోనే ఉండిపోతుంది. ట్యాంకు గొట్టం లాగేది అడుగు నుంచే కదా, అంటే మోటరుకు ఆయిల్ లేని ఇథనాల్, నీళ్లే అందుతాయి. అందుకే అవసరమైనంతే కలపండి, మిగిలింది నెలల తరబడి దాచకండి. వేట ఆపే రోజుల్లో ట్యాంకు గొట్టం తీసేసి, కార్బురేటరులో ఉన్నది అయిపోయేదాకా మోటరు తిప్పి ఆపండి. తిప్పేటప్పుడు కింది భాగం నీళ్లలోనే ఉండాలి. పాత రబ్బరు గొట్టాలు, పెట్రోలు పంపు డయాఫ్రమ్ ఈ పెట్రోలుకు తొందరగా పాడవుతాయి. ఇథనాల్ తట్టుకునే గొట్టం తెప్పించాను, మీటర్ల లెక్కన ఇస్తాను.

ఇంకొకటి నా మనసులో ఉన్నది. మా అమ్మమ్మ ఊరు మర్రిగూడ వైపు. ఫ్లోరైడు నీళ్లు తాగి నడుము వంగిపోయిన మనుషులను చిన్నప్పటి నుంచి చూశాను. ఆ ఊళ్లకు కృష్ణా నీళ్లు వచ్చాక మా ఇంట్లో జరిగిన సంతోషం నాకు గుర్తుంది. పుట్టంగండి పంపుల దగ్గర ఎత్తి, అక్కంపల్లి రిజర్వాయరులో పోసి, అక్కడి నుంచి హైదరాబాదుకు కూడా పంపేది మీరు బోటు తిప్పే ఈ నీళ్లనే. పాత టూ స్ట్రోక్ మోటరు పొగ నీళ్లలోకే వదులుతుంది, కాలని ఆయిల్ కొంత అందులోనే పోతుంది. దాన్ని పూర్తిగా ఆపలేం. కొలత ప్రకారం పోస్తే, శుభ్రంగా కాలే ఆయిల్ పోస్తే తగ్గించగలం. గేరు పెట్టె ఆయిల్ మార్చినప్పుడు పాతది ఒడ్డున పారబోయకుండా డబ్బాలో పట్టి నాకు తెండి. ఆ ఆయిల్ పాల రంగులో ఉంటే సీలు పోయి నీళ్లు దిగుతున్నట్టు, వెంటనే చెప్పండి.

కొత్త డబ్బాలు అర లీటరు, లీటరు సైజుల్లో వస్తాయి. మొదటిసారి కొన్నవాళ్లకు కొలత గ్లాసు ఊరికే ఇస్తాను. ట్యాంకులో పాత ఆయిల్ కలిపిన పెట్రోలు ఉంటే అది అయిపోయాకే కొత్తది పోయండి, అప్పుడే ప్లగ్గు కూడా శుభ్రం చేయించండి. కొన్నాళ్లు తిప్పాక ప్లగ్గు విప్పి తెండి. నల్లగా తడిగా ఉంటే ఆయిల్ ఎక్కువ పడుతున్నట్టు, తెల్లగా మాడినట్టుంటే మిశ్రమం పలచబడి వేడెక్కుతున్నట్టు. లేత గోధుమ రంగులో ఉంటే అదే కొలత కొనసాగించండి.