బడి కబుర్లు, సంక్రాంతికి నీకో పని

విజయవాడ,
14-12-2025, ఆదివారం.

బుజ్జమ్మకు అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. చలికి నాన్నమ్మ మోకాళ్లు మళ్లీ పట్టేస్తున్నాయి, అంతే. ఫోన్ చేస్తే ‘తిన్నావా’, ‘తిన్నా’ అనేసరికి నీకక్కడ ట్రిపుల్ ఐటీలో క్లాసు టైమవుతుంది, నాకు పొయ్యి మీద పప్పు పొంగుతుంది. అందుకే బడి కబుర్లన్నీ కూర్చుని రాస్తున్నాను. ఆఖర్లో నీకో పని కూడా ఉంది. అక్కడిదాకా చదవకుండా మడిచి పెట్టెలో పడేయకు.

ఈ నెల 5న మెగా పీటీఎం, అదే తల్లిదండ్రులూ టీచర్ల మీటింగు, జరిగింది. నువ్వు పదిలో ఉండగా, పోయినేడు డిసెంబరు 7న మొదటిసారి పెట్టినప్పుడు మీ నాన్న ఆటో స్టాండు వదిలి రాలేదు కదా. ఈసారి ఇస్త్రీ చొక్కా వేసుకుని అందరికంటే ముందొచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. నాకేమో ఆ రోజు రెండు ఉద్యోగాలు. పదకొండింటిదాకా బడి వంటమనిషిని, ఆ తర్వాత ఎనిమిదో తరగతి పిల్లాడి తల్లిని. చీర కొంగుకి పసుపు మరకలతోనే వెళ్లి లెక్కల మాస్టారి ముందు కూర్చున్నాను. ఆయన ప్రోగ్రెస్ కార్డు తిప్పి చూపించి, “లెక్క కరెక్టుగానే వస్తుందమ్మా, స్టెప్పులే రాయడు. జవాబు ఎక్కడి నుంచి దిగిందో నాకే అర్థం కాదు” అన్నారు. మీ తమ్ముడు పక్కన నిలబడి నవ్వాడు. మీ నాన్న మాత్రం ‘మనసులోనే చేసేస్తున్నాడు’ అని వారం నుంచి స్టాండులో చెప్పుకుంటున్నాడు. స్టెప్పులు లేకపోతే మార్కులు పోతాయని ఎన్నిసార్లు చెప్పినా ఆయన చెవికెక్కడం లేదు.

ఆ రోజు తల్లిదండ్రులకూ బడిలోనే భోజనం. తెల్లవారక ముందే పొయ్యిలు వెలిగించాం. జూన్ నుంచి సన్నబియ్యం వస్తున్నాయని చెప్పాను కదా, 25 కిలోల సంచుల్లో. పాత ఎసరు వీటికి పనికిరాదు. ఒక్క పొంగు ఎక్కువైతే ముద్దే. పలుకు మీద ఉండగానే మంట తీసేసి మూతపెట్టి వదిలేయాలి. పిల్లలు ఇప్పుడు కంచం ఖాళీ చేసి మళ్లీ లైన్లోకి వస్తున్నారు. పంపు దగ్గర డ్రమ్ములో మిగులన్నం బాగా తగ్గిపోయింది. కుడితి పట్టుకెళ్లే గేదెలాయన, ‘మీ వంట బాగుపడి నా గేదెలు చిక్కిపోతున్నాయి’ అని రోజూ గొణుగుతాడు. తల్లులు తిన్నాక ఒకావిడ షెడ్డులోకొచ్చి పప్పులో ఏం వేశారని అడిగింది. ఏముందమ్మా, అదే కందిపప్పు, అదే చింతపండు అన్నాను. మధ్యాహ్నం తల్లులకి తాడు లాగే పోటీ పెట్టారు. వంటషెడ్డు వాళ్లం నలుగురం ఒకే వైపు పడ్డాం. రోజూ గుండిగలు దించే చేతులు కదా, అవతలివాళ్లు రెండు నిమిషాలు కూడా ఆగలేదు.

ఇక మనల్ని ముంచిన బుడమేరు వాగు పటం సంగతి. దీని గురించే నీకు ఎక్కువ రాయాలి.

ఈ ఏడాది నుంచి శనివారం నో బ్యాగ్ డే, పుస్తకాల సంచి లేకుండా బడికి రావడం కదా. సోషల్ మేడం గారు తొమ్మిదో తరగతి వాళ్ల చేతికి టేపు, నోటుపుస్తకం ఇచ్చి వీధుల్లోకి పంపారు. 2024 సెప్టెంబరు 1న వరదకి ఎవరింట్లో నీళ్లు ఎంత ఎత్తున నిలిచాయో కొలిచి రాసుకు రావాలి. మరక కనిపించిన గోడని టేపుతో కొలిచారు. సున్నం కొట్టేసిన చోట ఇంటివాళ్లని అడిగారు. అడిగితే ఎవరైనా సెంటీమీటర్లలో చెప్తారా? ఒకరు ‘కుట్టుమిషను మునిగింది’ అంటారు, ఒకరు ‘దేవుడి అర అంచు దాకా’ అంటారు, కిరాణా కొట్టాయన ‘గల్లాపెట్టె తాళం దాకా’ అన్నాడట. పిల్లలేం తక్కువ వాళ్లా, ఆ మిషన్నీ ఆ గల్లాపెట్టెనీ కొలిచి అంకె వేసుకున్నారు. మనింటికొస్తే నాన్నమ్మ మంచం మీద మంచం వేసి కూర్చున్న కథంతా మొదలుపెట్టింది. ఒక పిల్లాడు కథ వింటూనే కిందకి వంగి మంచం కోళ్లు కొలిచాడు. నీ పుస్తకాల అర కూడా కొలిచారు. “అక్క పదో తరగతి పుస్తకాలు ఇక్కడేనా తడిసింది?” అని ఒక పిల్ల అడిగింది. పుస్తకాలు గవర్నమెంటు మళ్లీ ఇచ్చింది గానీ నోట్సులన్నీ అక్క మొదటి నుంచి రాసుకుందని చెప్పాను. ఆ పిల్ల అది కూడా నోటుపుస్తకంలో రాసుకుంది. ఎందుకో మరి!

అన్నీ కలిపి చార్టులు అతికించి, తొమ్మిదో తరగతి గోడంత పటం గీశారు. మైలవరం కొండల్లో పుట్టిన దగ్గర్నుంచి కొల్లేట్లో కలిసేదాకా బుడమేరుకి నీలం గీత. వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర ఎర్ర చుక్క. అక్కణ్నుంచి కృష్ణలోకి పోయే డైవర్షన్ కాలువ, దానికి కొండపల్లి వైపు గండ్లు పడిన మూడు చోట్లా ఇంటూ గుర్తులు. పీటీఎం రోజు పిల్లలు వచ్చినవాళ్లందరికీ దీన్ని వివరించారు. ఆ వరదలో ప్రకాశం బ్యారేజీ నుంచే 11 లక్షల క్యూసెక్కులు దాటి వదిలారని, 1957లో బ్యారేజీ కట్టాక అంత నీరు ఎప్పుడూ పోలేదని, కృష్ణే నిండుగా ఉంటే కాలువ నీళ్లు దాన్లోకి దిగలేక వెనక్కి ఎగదన్నుతాయని ఒక కుర్రాడు కర్ర పెట్టి చూపిస్తూ చెప్పాడు. అప్పుడు ఇంట్లో నడుంలోతు నీళ్లలో నిలబడ్డాం గానీ, ఆ నీళ్లు ఏ దారిన వచ్చాయో నాకు ఆ రోజే సరిగ్గా తెలిసింది. అంతలో ఒకాయన గేట్లు ఎత్తడం వల్లేనని, ఇంకొకాయన కాదు కాలువ గట్టు ఆక్రమించుకోవడం వల్లేనని పట్టుకున్నారు. మాట పెరిగేలా ఉంటే మేడం గారు, “రెండూ రాసిపెట్టండర్రా” అని పిల్లలకి చెప్పి అందర్నీ భోజనాలకి లేపారు.

నాకు అన్నిటికంటే నచ్చింది పచ్చ చుక్కలు. ఆ రోజు పై అంతస్తులోకి ఊళ్లోవాళ్లని ఎక్కించుకున్న మేడలన్నిటికీ పచ్చ చుక్క పెట్టారు. పడవ తిరగలేని ఇరుకు సందులకి నల్ల గీత. మన సందు నల్లగీతే. ఈ పటం కాపీ కావాలని సచివాలయం వాళ్లు అడిగి పట్టుకెళ్లారు. మండలం సైన్స్ ఫెయిర్‌కి తీసుకెళ్తే మాత్రం బహుమతి రాలేదు. చూడ్డానికి వచ్చిన ఒకాయన ‘ఇది సైన్సు కాదు, సోషలు’ అన్నారట. లైట్లు వెలిగే మోడల్‌కి ఇచ్చారు. మునిగిన ఊరివాడెవడైనా జడ్జిగా ఉంటే తెలిసేది.

గోడ సంగతి కూడా చెప్పాలి. బడికి రంగులు వేస్తూ తొమ్మిదో తరగతి బయటి గోడ మీద నీటి మరక చెరిపేయబోతే పిల్లలు హెచ్ఎం గారి దగ్గరికి పరుగెత్తారు. ఆయన ఒక జానెడు వెడల్పున అలాగే వదిలేయించారు. కిటికీ చువ్వల సగానికి ఉంది మరక. దాని మీద తేదీ రాసి, ఆరో తరగతి పిల్లలు రోజూ వెళ్లి దాని పక్కన నిలబడి తమ ఎత్తు చూసుకుంటున్నారు.

అక్టోబరులో మొంథా తుపానుకి మాత్రం టెన్షన్ పడ్డాం. 28వ తేదీ రాత్రి అది తీరం దాటింది. బళ్లకి ముందే సెలవులిచ్చారు. అప్పటికి పటం నోటుపుస్తకంలోనే ఉంది. సాయంత్రం ఇస్త్రీ బండి ఆవిడ నేరుగా పిల్లల ఇంటికెళ్లి, ‘నీళ్లొస్తే ముందు మా వైపా, అవతలి వైపా’ అని అడిగింది! కొన్ని కుటుంబాలు బడిలో పడుకున్నాయి, మేం ఉప్మా వండి పెట్టాం. బుడమేరు ఈసారి ఊళ్లోకి రాలేదు. నాన్నమ్మ మాత్రం బియ్యం డబ్బా అటక మీద నుంచి ఇప్పటికీ దించనివ్వడం లేదు.

ఆ ఇస్త్రీ బండి వాళ్ల అమ్మాయే అండర్-17 కబడ్డీలో జిల్లా జట్టుకి సెలెక్ట్ అయ్యింది. పిల్ల గాలిలా ఉంటుంది, రైడ్‌కి వెళ్తే చేతికి దొరకదు. పీఈటీ సారు మోకాలి క్యాపులు సొంత డబ్బుతో కొనిచ్చారు. మీ తమ్ముడు ఎన్ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్ష రాశాడు. 90 మెంటల్ ఎబిలిటీ, 90 సబ్జెక్టు ప్రశ్నలు. వస్తే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000. మెంటల్ ఎబిలిటీలో స్టెప్పులు అడగరు కాబట్టి నాకు కాస్త ఆశ ఉంది.

నవంబరు 26న అమరావతిలో పిల్లలతో మాక్ అసెంబ్లీ పెట్టారు, టీవీలో చూసే ఉంటావు. మన బడి నుంచి ఎవరూ వెళ్లలేదు గానీ, ఆ ఊపులో మనవాళ్లూ బడిలో ఒకటి పెట్టారు. ఆడపిల్లల బాత్రూం దగ్గర కుళాయి రావడం లేదని ప్రతిపక్షం లేచింది. మంత్రి ‘పరిశీలిస్తున్నాం అధ్యక్షా’ అన్నాడు. ప్రతిపక్షం వాకౌట్ చేసి నేరుగా మా వంటషెడ్డులోకి వచ్చి చిక్కీలు ఉన్నాయా అని అడిగింది. నవ్వులాట సంగతి అటుంచితే, హెచ్ఎం గారు ఆ వారంలోనే ప్లంబర్ని పిలిపించి కుళాయి వేయించారు. నువ్వు ఉన్నప్పటి నుంచీ ఉన్న సమస్యే కదా అది.

ఇక నీ పని. పదో తరగతి వాళ్లకి వంద రోజుల ప్రణాళిక మొదలైంది. పొద్దున, సాయంత్రం స్టడీ అవర్లు. సాయంత్రం పూట తల్లులు వంతులేసుకుని శనగలో పల్లీలో ఉడికించి తెస్తున్నారు. ఇంకో పక్క కాలేజీల పీఆర్వోలు అప్పుడే ఇళ్ల చుట్టూ తిరుగుతున్నారు. పరీక్షలకి ఇంకా మూడు నెలలుందా, లిస్టు పట్టుకుని ఫోన్ల మీద ఫోన్లు. ‘ఇప్పుడు అడ్వాన్సు కడితే ఇంత తగ్గిస్తాం, తర్వాతైతే కుదరదు’ అంటారు. టెంట్‌హౌస్ ఆయన కూతురు తెలుసుగా, నీ కింది క్లాసులో ఉండి నీ రికార్డు చూసి బొమ్మలు వేసుకున్న పిల్ల? ఇప్పుడు క్లాసులో తనే ఫస్టు. వాళ్ల నాన్న వడ్డీకి తెచ్చి అడ్వాన్సు కట్టడానికి సిద్ధంగా ఉన్నాడు. ఆ పిల్ల మధ్యాహ్నం కంచం కడుక్కుంటూ నా దగ్గర మెల్లిగా అడిగింది, “ఆంటీ, అక్కకి ట్రిపుల్ ఐటీలో సీటు రావడానికి ఎంత కట్టారు?” అని. ఏమీ కట్టలేదే, మార్కులు చూసి ఇచ్చారంటే నమ్మలేనట్టు చూసింది.

అందుకని సంక్రాంతికి వచ్చినప్పుడు ఒక పూట బడికి రా. సెలవుల్లోనూ పదో తరగతికి క్లాసులుంటాయి, భోగికి ముందు ఏ రోజైనా పర్వాలేదు. నేను చెప్తే వంటమనిషి మాటే, నువ్వు చెప్తే వింటారు. ఎంట్రన్స్ లేదని, పది మార్కులే చూస్తారని, గవర్నమెంటు బడి పిల్లలకి 4 శాతం కలుపుతారని చెప్పు. రెండేళ్లు ఇంటర్ లాంటి పీయూసీ, నాలుగేళ్లు బీటెక్, మొత్తం ఆరేళ్లూ అక్కడేనని చెప్పు. డాక్టరు కావాలనుకునేవాళ్లకి అది దారి కాదనీ చెప్పు. నూజివీడులో రాకపోతే నీకులాగా శ్రీకాకుళం దాకా పోవాల్సి రావచ్చని కూడా తెలియాలి. సీటు రానివాళ్లకి పాలిటెక్నిక్ ఉంది, గవర్నమెంటు జూనియర్ కాలేజీ ఉంది, అదేం తలవంపు కాదు.

గొప్పలు మాత్రం చెప్పకు. మొదటి నెలంతా ఇంగ్లీషులో పాఠాలు అర్థంకాక ఏడ్చిన సంగతీ, ఇంటికొచ్చేస్తానని ఫోన్లో మారాం చేసిన సంగతీ దాచకుండా చెప్పు. ఆ తర్వాత ఎలా సర్దుకున్నావో అది నాకంటే నీకే బాగా తెలుసు. పాస్ మార్కుల దగ్గర కొట్టుకుంటున్న పిల్లలు కూడా ఆ గదిలో ఉంటారు, వాళ్ల మొహం చూసి కూడా నాలుగు మాటలు మాట్లాడు.

ఆమదాలవలస స్టేషన్ నుంచి రిజర్వేషన్ దొరక్కపోతే ముందే చెప్పు, పండక్కి జనరల్ బోగీలో ఒక్కదానివే రావద్దు. ఏ రోజు వస్తావో ఖాయమైతే హెచ్ఎం గారికి చెప్పి ఉంచుతాను. ఆ పూట టెంట్‌హౌస్ ఆయన్ని కూడా బడికి రప్పిస్తాను. మీటింగ్ అంటే రాడు, పాతిక కుర్చీలు కావాలంటే తనే వేసుకొస్తాడు.

ఇట్లు,
అమ్మ