గుండె స్కానుకు ముందు తెలుగులో నాలుగు మాటలు చెప్పండి

సంపాదకులకు,

నేను లొల్ల లాకుల దగ్గర లస్కరుగా, అంటే కాలువ నీటిమట్టం చూసే కాపలా పనిలో ఉండి రిటైరైనవాడిని. పోయిన నెల గుండె రక్తనాళాల సీటీ స్కాను రెండుసార్లు తీయించుకోవలసి వచ్చింది. ఒక్కసారితో పోవలసిన పని అది.

మొదటిసారి తెల్లవారకుండానే బయలుదేరి, రావులపాలెం బస్టాండులో ఒక టీ, రాజమహేంద్రవరంలో దిగాక ఒక కాఫీ తాగి సెంటరుకు వెళ్లాను. తాగకూడదని ఎవరూ చెప్పలేదు. బల్ల మీద పడుకోబెట్టేసరికి నాడి 91. రక్తనాళాలు బొమ్మలో కనబడడానికి ఇచ్చే మందు చేతిలోకి ఎక్కగానే ఒళ్లంతా భగ్గుమంది. ప్రాణం పోతోందేమోనని బెదిరిపోయాను. అంతలో యంత్రం ఇంగ్లీషులో ఏదో అంది. ఊపిరి బిగబట్టమనట! నాకు అర్థమయ్యేలోపే స్కాను అయిపోయింది. కదలిక వల్ల కుడి రక్తనాళం స్పష్టంగా లేదని రిపోర్టు వచ్చింది. డబ్బు మాత్రం తిరిగి రాలేదు.

రెండోచోట ముందురోజే ఫోను చేసి టీ, కాఫీ మానమన్నారు. మూత్రపిండాల పనితీరు చూసే క్రియాటినిన్ రక్తపరీక్ష అయిందా, ఉబ్బసం ఉందా అని అడిగారు. నాడి తగ్గించే మాత్ర ఉబ్బసం ఉన్నవారికి పడకపోవచ్చట. గంట ముందు ఆ మాత్ర ఇచ్చారు. రక్తనాళాలు విప్పారడానికి నాలుక కింద మందు కొట్టారు. టెక్నీషియన్ అమ్మాయి పక్కన నిలబడి మూడుసార్లు ఊపిరి బిగబట్టించింది. "పొట్ట కూడా కదలకూడదు తాతగారూ, వేడిగా అనిపిస్తే భయపడకండి" అంది. యంత్రం తెలుగులోనే మాట్లాడింది, ఆ మాటలు వాళ్లే రికార్డు చేసుకున్నారట. నాడి 58. బొమ్మ శుభ్రంగా వచ్చింది.

కాలువ గేజీ చదివినవాడికి ఇది కొత్త సంగతి కాదు. పడవ దాటిన వెంటనే స్కేలు చూస్తే నీళ్లు ఊగుతూ అంగుళం అటూ ఇటూ చూపిస్తాయి. నీరు నిలకడపడేదాకా ఆగాలి. గుండె కూడా దెబ్బకీ దెబ్బకీ నడుమ కాస్త కుదురుకుంటుంది. నాడి నెమ్మదిస్తే ఆ వ్యవధి పెరుగుతుంది. మూడు నాలుగు మిల్లీమీటర్ల నాళం కదా, కొంచెం కదిలినా బొమ్మ చెదురుతుంది. నాళాల్లో సున్నం పేరుకున్నవారికి ఎంత జాగ్రత్తపడ్డా కొంత మసక తప్పదన్నారు. అది వేరే సంగతి.

ఒక్క చుట్టులో ఇన్ని పొరల బొమ్మలు తీసే, ఇన్ని స్లైసుల యంత్రమని బోర్డుల మీద ఏనుగంత అక్షరాలు రాస్తున్నారు. మా ఆత్రేయపురం ఆడవాళ్లనడగండి, కుండ ఎంత మంచిదైనా చెయ్యి కుదురుగా లేకపోతే పూతరేకు చినిగిపోతుంది.

జిల్లా వైద్యాధికారులకు నా మనవి ఒక్కటే. తేదీ ఇచ్చేటప్పుడే ఈ జాగ్రత్తలన్నీ రాసిన తెలుగు కాగితం చేతిలో పెట్టించండి. చెప్పకపోవడం వల్ల బొమ్మ చెడితే రెండో స్కాను ఖర్చు సెంటరే భరించాలి.

- ఒక విశ్రాంత లస్కరు, ఆత్రేయపురం మండలం