సుబ్బుకి ఉత్తరం: ఆ జైలు సంగతి

ఒరేయ్ సుబ్బూ,

ఇన్నాళ్లూ జవాబు రాయనందుకు ఏమీ అనుకోకురా. మిడ్‌టర్మ్ పరీక్షలు, వాటి మీద రాత్రి డ్యూటీలు. అమ్మా నాన్నా కులాసా. చెల్లికి ఫార్మసీలో సీటొచ్చింది. చలి మొదలైంది. ఇంటి సంగతులు ఇంతే. అసలు విషయం ఎవరికైనా చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

మా కరెక్షన్స్ (జైళ్లు, శిక్షల గురించి చెప్పే సబ్జెక్టు) క్లాసు వాళ్లని ఫిలడెల్ఫియాలో ఈస్టర్న్ స్టేట్ పెనిటెన్షరీ అనే పాత జైలుకి తీసుకెళ్లారు. 1829లో తెరిచారు, 1971లో మూసేశారు, ఇప్పుడు మ్యూజియం. పేరుమోసిన గ్యాంగ్‌స్టర్ అల్ కాపోన్ ఉన్న గది దగ్గర అందరూ ఫోటోలకి ఎగబడ్డారు. నేను మాత్రం మొదట్లో కట్టిన గదుల దగ్గరే ఉండిపోయాను.

రాజమండ్రి సెంట్రల్ జైలు గోడ పక్కనుంచి ట్యూషన్‌కి పోతూ లోపల ఏం జరుగుతుందో నువ్వు అల్లిన కథలు గుర్తున్నాయా? నీ కథల్లో లోపలంతా జనమే. ఇక్కడ మనిషికి మనిషి కనబడకూడదన్నదే రూలు. ఒక్కొక్కడికి ఒక్కో గది, పైకప్పులో చిన్న కిటికీ. ఆ పాత గదులకి నడవా వైపు తలుపే లేదురా, అన్నం తొయ్యడానికి కన్నం తప్ప! వెనక చుట్టూ గోడలతో చిన్న దొడ్డి, రోజుకో గంట గాలి పీల్చుకోడానికి. పక్క గదివాడు అదే సమయానికి బయటికి రాకుండా వేళలు మార్చేవాళ్లు. ఎక్కడికైనా తీసుకెళ్లాలంటే తలకి ముసుగు. నేను వంగి లోపలికి చూశాను. నేల మీద సున్నం పెచ్చులు, పైనుంచి కాస్త వెలుతురు, అంతే.

1వ నంబరు ఖైదీ చార్లెస్ విలియమ్స్, నల్లజాతి రైతు. చదవడం వచ్చని రికార్డులో రాశారు. ఎత్తుకెళ్లింది 20 డాలర్ల గడియారం, 3 డాలర్ల బంగారు ముద్ర, ఒక బంగారు తాళంచెవి. దానికి 2 ఏళ్లు అలా ఒంటరిగా!

ఒళ్లు మండిపోయేది ఎక్కడో తెలుసా? దీని వెనక ఉన్నది దుర్మార్గులు కాదు. కిక్కిరిసిన జైళ్లు, కొరడా దెబ్బలు వద్దని కొట్లాడిన మంచివాళ్లు. క్వేకర్లు (ఒక క్రైస్తవ శాఖవాళ్లు), డాక్టర్ బెంజమిన్ రష్ లాంటివాళ్లు 1787లోనే ఖైదీల కోసం సంఘం పెట్టారు. ఒంటరిగా ఉంటే మనిషి తన తప్పు తెలుసుకుంటాడని మనస్ఫూర్తిగా నమ్మారు. ఆ పద్ధతిని అధికారికంగా ఎత్తేసేసరికి 1913 వచ్చింది! అన్నేళ్లలో ఒక్కరైనా ఆ కన్నంలోంచి లోపలున్నవాణ్ణి సరిగ్గా చూశారా అని... ఏమో, ఎలా చెప్పాలో తెలియట్లేదు.

మా క్లాసులో ఒకాయన కౌంటీ జైల్లో గార్డు. మామూలుగా నోరు మూయడు. తిరిగొస్తుంటే బస్సులో మెల్లగా అన్నాడు: "మా దగ్గర ఇప్పటికీ కొన్ని గదుల్లో 23 గంటలు లోపల, గంట బయట." ఆ తర్వాత దారంతా ఇంకేం మాట్లాడలేదు.

నాన్న ఇంకా "పోలీసువవుతావా?" అనే అడుగుతున్నారు. కాదు, ప్రొబేషన్ ఆఫీసర్‌ని అవుతాను. మనిషిని జైలు దాకా పోనివ్వకుండా ఆపే పని అది. ఈ మాట ఆయనకి నువ్వు చెప్తేనే ఎక్కుతుంది, నీ మాటంటే గురి కదా.

ఇంకోటి. నువ్వు చెప్పిన 1979 నాటి హుస్సైనారా ఖాతూన్ కేసు క్లాసులో చెప్పాను. విచారణే జరక్కుండా ఖైదీలు బీహార్ జైళ్లలో ఏళ్ల తరబడి మగ్గారంటే ఎవరూ నమ్మలేదు. నువ్వు రోజూ కోర్టుకి వెళ్తున్నావుగా, బెయిలు వచ్చినా పూచీ ఉండేవాళ్లు దొరక్క లోపలే ఉండిపోయేవాళ్లు అక్కడ ఎంతమంది ఉంటారు? వివరంగా రాయి, నా పేపర్‌కి కావాలి. ఫణిగాడి పెళ్లి గురించి రాద్దామనుకున్నాను గానీ బస్సు వచ్చేసింది, ఉంటాన్రా.

నీ
గోపి