మొదటి జీతం కోసం ఆగలేని పిల్లల గురించి

ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఇరవై రెండేళ్లుగా కాలేజీలో లెక్కలు చెబుతున్నాను. ఫీజులు ప్రభుత్వమే కడుతోంది కదా, పేదింటి పిల్లలు ఇంకా ఎందుకు వెనకబడుతున్నారని చాలామంది అడుగుతుంటారు. నా కళ్లతో చూసింది చెబుతాను.

నా క్లాసులో ఇద్దరు అమ్మాయిలుండేవారు. మార్కుల్లో ఒకరికొకరు తీసిపోరు. ఇద్దరికీ పరిశోధన చేయాలని కోరిక. ఒకమ్మాయి మొదటిసారి ఎంట్రన్స్ తప్పింది. ఇంట్లోవాళ్లు ‘ఏం పర్లేదు, ఇంకో ఏడాది చదువుకో’ అన్నారు. రెండోసారి సీటు తెచ్చుకుంది. రెండో అమ్మాయి అసలు పరీక్షే రాయలేదు. డిగ్రీ అయిన నెలకే, దొరికిన ఉద్యోగంలో చేరిపోయింది. ఇంట్లో అప్పు, తమ్ముడి చదువు రెండూ ఆమె జీతం కోసమే కాచుకుని ఉన్నాయి. ‘ఇప్పుడు కాదు సార్, తర్వాత చూద్దాం’ అంది. ఆ ‘తర్వాత’ ఇప్పటికీ రాలేదు.

కలిగిన కుటుంబం పిల్లలకు పరిచయాలిస్తుంది, మంచి స్కూలు ఇస్తుంది. అవి అందరికీ తెలిసినవే. వాటికంటే పెద్దది, ఒకసారి ఓడిపోయినా ఇల్లు గడుస్తుందన్న ధైర్యం. అది ఏ ఫీజు పథకంలోనూ లేదు.

2018లో, ఎక్కువగా సంపన్న దేశాలు సభ్యులుగా ఉన్న ఓఈసీడీ సంస్థ ఒక లెక్క వేసింది. తక్కువ ఆదాయమున్న కుటుంబం తమ దేశపు సగటు ఆదాయాన్ని అందుకోవడానికి డెన్మార్క్‌లో 2 తరాలు, కొలంబియాలో 11 తరాలు పట్టొచ్చట. పిల్లల తెలివితేటల్లో ఇంత తేడా ఉంటుందంటే నేను నమ్మను. డెన్మార్క్‌లో కాలేజీ చదువు ఉచితం, పైగా చదువుకునేవాళ్ల ఖర్చులకు ప్రభుత్వం నెలనెలా డబ్బిస్తుంది. అదొక్కటే కారణమని అనను, అక్కడ జీతాల మధ్య తేడాలూ తక్కువే. కానీ నెలనెలా చేతికొచ్చే ఆ డబ్బు మాత్రం మీరు తలచుకుంటే ఇవ్వగలిగిందే.

అందుకే అడుగుతున్నాను. తక్కువ ఆదాయమున్న ఇళ్ల పిల్లలకు డిగ్రీ తర్వాత ఒక ఏడాది బతకడానికి సరిపడా స్టైపెండ్ ఇవ్వండి. మీ శాఖలోనే జీతం లేని ఇంటర్న్‌షిప్‌లుంటే ముందు వాటిని ఆపండి. ఊరికే పనిచేయగలిగే స్తోమత ఉన్నవాళ్లకే అవి దక్కుతాయి.

ఆ అమ్మాయి తమ్ముడు ఇప్పుడు నా క్లాసులోనే ఉన్నాడు. అక్కలాగే చురుకైనవాడు. వచ్చే ఏడాది అతని డిగ్రీ పూర్తవుతుంది. ఆలోగా ఈ స్టైపెండ్ మొదలుపెట్టమని వేడుకుంటున్నాను.

ఇట్లు,
ఒక లెక్కల అధ్యాపకుడు