ఎక్కాలు సరే, ‘ఎందుకు’ అనే పాఠం ఎక్కడ?

సంపాదకులకు,

విశాఖలో ‘క్లాసికల్ క్రిస్టియన్’ బడి ఒకటి పెడితే బాగుంటుందని మా చర్చిలో కొందరు పెద్దలు ఈమధ్య తరచూ అంటున్నారు. అమెరికాలో మా మనవరాలు అలాంటి బడిలోనే ఏడో తరగతి చదువుతోంది కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

1947లో ఆక్స్‌ఫర్డ్‌లో రచయిత్రి డొరొతీ సేయర్స్ చేసిన ప్రసంగమే ఆ బడులకు మూలం. చిన్నప్పుడు కంఠస్థం, పదకొండు పన్నెండేళ్లు వచ్చేసరికి తర్కం, ఆపైన నలుగురినీ ఒప్పించేలా మాట్లాడటం, రాయడం. దాంతోపాటు లాటిన్ ఒకటి.

కంఠస్థం మనకేం కొత్త? ఎక్కాలు, వేమన పద్యాలు, మాకైతే సండేస్కూల్లో బైబిల్ వాక్యాలు, అన్నీ నోటికి పట్టినవే. మన బండి అక్కడే ఆగిపోయింది. మొన్న వేసవిలో మనవరాలు వచ్చినప్పుడు, సెల్‌ఫోన్లు వచ్చాకే పిల్లలు పాడయ్యారని ఏదో అన్నాను. “తర్వాత జరిగిందని దానివల్లే జరిగిందంటే ఎలా తాతయ్యా?” అంది. ఆ పొరపాటుకి లాటిన్‌లో పేరు కూడా ఉందట! కాస్త కోపం వచ్చిన మాట నిజమే గానీ, జవాబు మాత్రం దొరకలేదు.

ఆ సాయంత్రమే మేడ మీద వాటాలోని ఐఐటీ ఫౌండేషన్ కుర్రాడు భిన్నాల భాగహారాలు చకచకా చేసేస్తున్నాడు. రెండో భిన్నాన్ని ఎందుకు తిరగేస్తున్నావురా అని అడిగితే పెన్ను ఆపి నన్ను వింతగా చూశాడు. “అలాగే చెయ్యమన్నారు తాతా. ఎగ్జామ్‌లో అది అడగరు.” పొద్దున్నే బస్సెక్కి చీకటిపడ్డాక దిగే పిల్లాణ్ని ఏమనగలం?

పద్ధతి మంచిదే. దాన్ని మతంతో ముడిపెట్టడం మాత్రం, క్రైస్తవుడినే అయినా, నాకు నచ్చలేదు. నేను చదివిన మిషన్ బడిలో నా పక్కన కూర్చునేవాడు రోజూ విభూతి పెట్టుకొచ్చేవాడు. ప్రార్థనప్పుడు వాడు కళ్లు తెరిచి కూర్చున్నా మాస్టారు ఏమీ అనేవారు కాదు. రాజ్యాంగం 30వ అధికరణం మైనారిటీలకు బడి పెట్టుకునే హక్కు ఇచ్చింది. గుర్తింపు ఉన్న బడిలో ఇష్టం లేని పిల్లల్ని మతబోధకు కూర్చోబెట్టకూడదని 28వ అధికరణం చెబుతోంది. పెద్దలు రెండూ చదవాలి.

తర్కం మనకు పాత శాస్త్రమే, లాటిన్ అక్కర్లేదు. జిల్లా విద్యాశాఖవారు ఆరో తరగతి నుంచి వారానికి రెండు పీరియడ్లు, మార్కులు లేకుండా, పిల్లలు తెలుగులో వాదించుకోవడానికి కేటాయించాలి. ప్రైవేటు బడులు వాటిని స్టడీ అవర్లో కలిపేయకుండా తనిఖీ చెయ్యాలి.

— ఒక విశ్రాంత రైల్వే ఉద్యోగి,
తాటిచెట్లపాలెం, విశాఖపట్నం