ఆరో తరగతి పిల్లల క్షేమ నిధి: 2025 జూన్ నుంచి సెప్టెంబరు వరకు జమా ఖర్చుల వివరణ

దాతలకు, తల్లిదండ్రులకు, విజయవాడ సింగ్ నగర్ వాసులకు నమస్కారం. మన ఉన్నత పాఠశాలలో ఈ ఏడాది ఆరో తరగతిలో చేరిన 112 మంది పిల్లల క్షేమం కోసం మీరిచ్చిన సొమ్ము ఎంత జమ అయిందో, ఏ పద్దు కింద ఎంత ఖర్చయిందో ఇక్కడ తెలియజేస్తున్నాము.

గత సంవత్సరపు నిల్వ రూ. 3,260. పూర్వ విద్యార్థుల నుంచి రూ. 61,500, పైపుల రోడ్డు పరిసరాల్లోని దుకాణదారుల నుంచి రూ. 14,100 వచ్చాయి. తల్లిదండ్రులను ఇష్టమున్నవారే వంద రూపాయలు ఇవ్వమని కోరగా 84 మంది ఇచ్చారు, అది రూ. 8,400. బ్యాంకు వడ్డీ రూ. 214 కలుపుకొని మొత్తం జమ రూ. 87,474. ఇస్తామని చెప్పి ఇంకా ఇవ్వనివారి మొత్తాలను లెక్కలో చూపలేదు. చందా ఇవ్వలేకపోయిన తల్లిదండ్రుల పేర్లు ఎక్కడా రాయలేదు, రాయము కూడా.

ఖర్చులో పెద్ద పద్దు రోడ్డు దాటించే మనిషి జీతం. పాయకాపురం, కండ్రిక వైపు నుంచి వచ్చే పిల్లలు ఐదో తరగతి దాకా ఇంటి పక్క వీధిలోని బడికి నడిచి వెళ్లినవారు. ఇప్పుడు లారీలు, షేర్ ఆటోలు తిరిగే రోడ్డు రోజుకు రెండుసార్లు దాటాలి. ఉదయం, సాయంత్రం గేటు ముందు నిలబడేందుకు ఈ పేటకే చెందిన ఒక విశ్రాంత ఉద్యోగిని నెలకు రూ. 6,000కు కుదుర్చుకున్నాము. జూన్ 12న బడులు తెరిచారు కనుక ఆ నెలకు సగం, తర్వాత మూడు నెలలకు పూర్తిగా, మొత్తం రూ. 21,000 చెల్లించాము. దసరా సెలవులకు జీతం కోయకూడదన్నది ముందే అనుకున్న మాట. మెరిసే జాకెట్టు, విజిల్, చేతి బోర్డుకు రూ. 1,150 అయింది. ఈ డబ్బుతో సీసీ కెమెరాలు పెట్టించవచ్చు కదా అని కొందరు దాతలు అడిగారు. కెమెరా జరిగినదాన్ని తర్వాత చూపిస్తుందే గాని వచ్చే లారీని ఆపదని కమిటీ అభిప్రాయం.

మరుగుదొడ్ల మరమ్మతుకు రూ. 21,850 ఖర్చయింది. గడియలు లేని తలుపును బయట ఒక స్నేహితురాలు పట్టుకుని నిలబడితే తప్ప ఆడపిల్లలు లోపలికి వెళ్లేవారు కాదు. ఆ ఇబ్బందికి జడిసి సాయంత్రం వరకు మంచినీళ్లు తాగని పిల్లలూ ఉన్నారని తల్లులే సమావేశంలో చెప్పారు. గడియలు, బందులు, బల్బులు, కుళాయిలు, ఇద్దరు పనివాళ్ల కూలి ఇందులోనే ఉన్నాయి. వడ్రంగి మొదట పెద్దవాళ్ల ఎత్తున గడియలు బిగించగా, ఒక పాప మునివేళ్ల మీద నిలబడినా అందకపోవడం చూసి కిందికి దింపించాము. అందుకు అదనంగా ఇచ్చిన రూ. 300కు విడి వోచరు ఉంది. శానిటరీ ప్యాడ్లకు, అవసరంలో మార్చుకునే యూనిఫాంలకు రూ. 9,600 అయింది. ఈ వివరం నలుగురిలో చదవడం బాగుండదని ఒక పెద్దాయన అభ్యంతరం చెప్పారు గాని, ఖర్చు పెట్టినదాన్ని దాచి లెక్క చెప్పలేము.

కొత్త పిల్లల పరిచయ కార్యక్రమం రెండు రోజులు జరిగింది. పీరియడుకొక టీచరు మారే పద్ధతి, ఎవరికి ఏం చెప్పుకోవాలి అన్నవి వివరించి, ఒక్కొక్కరికి ఒక తొమ్మిదో తరగతి విద్యార్థిని తోడుగా అప్పగించాము. పులిహోర, మజ్జిగకు రూ. 7,300. పిల్లలతో మాట్లాడిన మనస్తత్వ నిపుణురాలు ఫీజు తీసుకోలేదు. ఆటో చార్జీలు, చార్టులు కలిపి రూ. 2,740 మాత్రమే. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద ఇళ్లను ముంచినప్పుడు ఈ పిల్లలు ఐదో తరగతిలో ఉన్నారు. గట్టి వాన పడితే కొందరు ఇప్పటికీ ఇంటికి వెళ్లిపోతామని ఏడుస్తున్నారని, దాన్ని బడి ఎగ్గొట్టే వంకగా చూడవద్దని ఆమె ఉపాధ్యాయులకు చెప్పారు. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత ఉపయోగపడిన పద్దు మరొకటి లేదు.

చైల్డ్‌లైన్ 1098, అత్యవసర సేవల 112, మానసిక ఆరోగ్య సలహాలకు టెలి మానస్ 14416 నంబర్లను గోడల మీద పెద్ద అక్షరాలతో రాయించడానికి రూ. 3,400 అయింది. విద్యాహక్కు చట్టం 2009 ప్రకారం పిల్లలను కొట్టడం, మానసికంగా వేధించడం నిషిద్ధమనీ, పిల్లలపై లైంగిక వేధింపు జరిగినట్టు తెలిసినవారు పోలీసులకు చెప్పడం 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తప్పనిసరి అనీ కూడా అక్కడే రాయించాము. ఫిర్యాదుల పెట్టెను ఒక వెల్డింగ్ దుకాణదారు ఉచితంగా చేసి ఇచ్చారు కనుక లెక్కలో లేదు. దాన్ని ప్రధానోపాధ్యాయులు, ఒక ఉపాధ్యాయిని, ఒక తల్లి ముగ్గురూ ఉన్నప్పుడే తెరుస్తారు. ప్రథమ చికిత్స పెట్టెకు రూ. 2,180, రసీదు పుస్తకాలు, జిరాక్సు, బ్యాంకు చార్జీలకు రూ. 1,015. ఫ్లెక్సీలకు, శాలువాలకు ఒక్క రూపాయి కూడా పెట్టలేదు.

మొత్తం ఖర్చు రూ. 70,235. మిగిలిన నిల్వ రూ. 17,239లో బ్యాంకులో రూ. 16,039, కోశాధికారి చేతిలో రూ. 1,200 ఉన్నాయి. ఇందులో రూ. 12,000 రోడ్డు దగ్గరి మనిషికి అక్టోబరు, నవంబరు జీతాల కోసం విడిగా ఉంచాము. డిసెంబరు నుంచి ఆ జీతానికి సొమ్ము లేదు, తక్కిన రూ. 5,239 మరుగుదొడ్ల శుభ్రతకే సరిపోతుంది. రసీదులు, వోచర్లు, పాసు పుస్తకం పాఠశాల కార్యాలయంలో ఉన్నాయి. పని దినాల్లో సాయంత్రం 4 గంటల తర్వాత ఎవరైనా వచ్చి సరిచూసుకోవచ్చు.

ఇట్లు,
కమిటీ సభ్యులు, విజయవాడ