ఏ నంబర్‌తో ఆడిన ఆటని ఆ నంబర్‌కే లెక్కేయాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

బాస్కెట్‌బాల్‌లో ఒక్కో జెర్సీ నంబర్‌కి అందరికంటే గొప్ప ఆటగాడు ఎవరని మీ క్రీడల పేజీలో పాఠకులను అడగడం నాకు చాలా నచ్చింది. క్రికెట్ కాకుండా ఇంకో ఆటకి మన పేపర్లలో ఇంత చోటు దొరకడమే అరుదు. కానీ అచ్చవుతున్న సమాధానాలు చూస్తుంటే బాధగా ఉంది, ఎందుకంటే ఎక్కువమంది నంబర్‌ని చూడట్లేదు, పేరుని చూసి ఓటేస్తున్నారు. అమెరికాలోని ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో ఆడే లెబ్రాన్ జేమ్స్‌నే తీసుకోండి. 23కీ ఆయనే అంటున్నారు, 6కీ ఆయనే అంటున్నారు, రెండు చోట్లా ఆయన నాలుగు టైటిల్స్, నాలుగు ఎంవీపీలు (సీజన్‌లో అత్యుత్తమ ఆటగాడికిచ్చే అవార్డు) పూర్తిగా కలిపి చెప్తున్నారు. అలా ఎలా కుదురుతుందండీ? 2009, 2010 ఎంవీపీలు క్లీవ్‌లాండ్‌లో 23తో వచ్చినవి. 2012, 2013 ఎంవీపీలు, ఆ రెండేళ్ల టైటిల్స్ మయామీలో 6తో వచ్చినవి. 2016, 2020 టైటిల్స్ మళ్లీ 23వి. 2023 ఫిబ్రవరిలో కరీమ్ అబ్దుల్-జబ్బార్ 38,387 కెరీర్ పాయింట్ల రికార్డు దాటిన రోజు మాత్రం ఆయన ఒంటి మీద ఉన్నది లాస్ ఏంజెలెస్ లేకర్స్ జట్టు 6. ఒకే మనిషి సంపాదనని రెండు ఖాతాల్లోనూ మొత్తంగా వేయడం మిగతా ఆటగాళ్లకి అన్యాయం.

అందుకే నా విన్నపం ఒక్కటే. ఆ నంబర్ వేసుకుని ఆడిన మ్యాచ్‌లు మాత్రమే లెక్కలోకి తీసుకోవాలని మీరు ముందుగా ఒక నియమం పెట్టండి.

ఈ నియమం పెడితే 23 మీద గొడవే ఉండదు. మైకేల్ జోర్డాన్ 1995లో తిరిగొచ్చాక కొన్నాళ్లు 45తో ఆడాడు, అది తీసేసినా ఆయన ఆరు టైటిల్స్, ఐదు ఎంవీపీలు అన్నీ 23తో వచ్చినవే. ఆయన ఎప్పుడూ ఆడని మయామీ హీట్ జట్టు కూడా 2003లో తమ దగ్గర 23ని ఇక ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టేసింది.

అసలు విషయం 6 దగ్గర ఉంది. బోస్టన్ సెల్టిక్స్ ఆటగాడు బిల్ రసెల్‌కి ఓట్లు తక్కువ పడటం చూసి నాకు నిజంగా కోపం వచ్చింది. 13 సీజన్లలో 11 టైటిల్స్, అందులో చివరి రెండు ఆయనే ఆటగాడు, ఆయనే కోచ్‌. ఎన్‌బీఏలో మొట్టమొదటి నల్లజాతి హెడ్ కోచ్ కూడా ఆయనే. 2022లో ఆయన పోయాక లీగ్ మొత్తంలో 6ని కొత్తగా ఎవరికీ ఇవ్వకూడదని తీర్మానించారు, అప్పటికే వేసుకుంటున్నవాళ్లని మాత్రం కొనసాగనిచ్చారు. ఎన్‌బీఏలో అలాంటి గౌరవం అంతకుముందు ఏ ఆటగాడికీ దక్కలేదు. ఒక పాఠకుడు రసెల్ సగటు 15 పాయింట్లేగా అని రాశారు. ఆయన ఆట పాయింట్లు వేయడంలో లేదు, ఎదుటివాళ్లని వేయనివ్వకపోవడంలో ఉంది. ఎన్‌బీఏలో బ్లాక్‌లు (ఎదుటివాళ్ల షాట్‌ని గాల్లోనే అడ్డుకోవడం) లెక్కపెట్టడం మొదలైందే 1973-74లో, రసెల్ రిటైర్ అయింది 1969లో. ఫైనల్స్ ఎంవీపీ అవార్డు కూడా మొదటిసారి ఇచ్చింది 1969లోనే, అది ఓడిన జట్టులోని జెర్రీ వెస్ట్‌కి వెళ్లింది. కాబట్టి రసెల్ పేరు పక్కన ఆ అవార్డు ఒక్కటి కూడా కనిపించదు, ఇప్పుడు ఆ అవార్డుకి ఉన్నది మాత్రం ఆయన పేరే. లెక్కపెట్టలేదు కాబట్టి జరగలేదని అనుకుంటే పాతతరం వాళ్లెవరికీ న్యాయం జరగదు. 6లో లెబ్రాన్ రెండో స్థానం కోసం జూలియస్ ఎర్వింగ్‌తో పోటీ పడాలి, అంతే. ఎర్వింగ్ ఫిలడెల్ఫియాలో 6తో 1981 ఎంవీపీ, 1983 టైటిల్ తెచ్చుకున్నాడు. అంతకుముందు నెట్స్ అనే జట్టులో ఆయన చేసిన అద్భుతాలన్నీ 32 ఖాతాలోకి వెళ్తాయి, అక్కడ మ్యాజిక్ జాన్సన్‌ని దాటడం ఎవరివల్లా కాదు.

కోబీ బ్రయంట్ అభిమానులు ఈ నియమాన్ని ఒప్పుకోరేమో అని ఒక టెన్షన్ ఉంది కానీ నిజానికి దీనివల్ల ఆయనకి మేలే జరుగుతుంది. 8తో మూడు టైటిల్స్, 2006లో టొరంటో మీద 81 పాయింట్లు. 24తో 2008 ఎంవీపీ, 2009, 2010 టైటిల్స్, ఆ రెండు ఫైనల్స్‌లోనూ ఎంవీపీ. విడగొట్టినా రెండు చోట్లా నిలబడే మనిషి. లేకర్స్ కూడా 2017లో రెండు నంబర్లనీ ఒకేరోజు గౌరవించింది. 24లో రిక్ బ్యారీ పేరు కూడా ఒక్కసారి తలుచుకోండి, 1975లో వారియర్స్‌కి టైటిల్ తెచ్చినవాడు, రెండు చేతులతో కింద నుంచి ఫ్రీ త్రోలు (ఫౌల్ జరిగితే ఇచ్చే ఉచిత షాట్లు) వేసేవాడు.

34 మీద నేను చాలాసేపు ఆలోచించాను. షకీల్ ఓనీల్ 34తో ఆడింది లేకర్స్‌లో మాత్రమే, ఎనిమిది సీజన్లు. అందులో వరుసగా మూడు టైటిల్స్, మూడు ఫైనల్స్ ఎంవీపీలు, అది మామూలు విషయం కాదు. కానీ హకీమ్ ఒలాజువాన్ జీవితమంతా 34. 1994లో ఒకే ఏడాది ఎంవీపీ, ఉత్తమ డిఫెన్స్ ఆటగాడు, ఫైనల్స్ ఎంవీపీ మూడూ ఆయనవే, ఇంకెవరికీ అది సాధ్యం కాలేదు. మొత్తం 3,830 బ్లాక్‌లు, లెక్కలు మొదలైనప్పటి నుంచి అదే రికార్డు. 1995 ఫైనల్స్‌లో హకీమ్ జట్టు హ్యూస్టన్ ఓర్లాండోని 4-0తో ఊడ్చేసినప్పుడు ఎదురుగా ఉన్నది షకీలే, అప్పుడు షకీల్ నంబర్ 32. నా ఓటు హకీమ్‌కి. యానిస్ ఆంటెటోకౌన్‌పో కూడా ఈ నంబరే, మిల్వాకీ గెలిచిన 2021 టైటిల్ మ్యాచ్‌లో 50 పాయింట్లు కొట్టాడు, ఆయన సంగతి కెరీర్ ముగిశాక చూద్దాం.

అన్నిటికంటే కష్టమైనది 33. లారీ బర్డ్ 1984 నుంచి 1986 దాకా వరుసగా మూడు ఎంవీపీలు గెలిచాడు, స్కాటీ పిప్పెన్‌కి ఆరు టైటిల్స్ ఉన్నాయి, ప్యాట్రిక్ ఈవింగ్ న్యూయార్క్‌ని ఏళ్ల తరబడి మోశాడు. ఇంతమంది ఉన్నా నేను కరీమ్ అనే అంటాను. ఇరవై సీజన్లు, రెండు జట్లు, ఆరు ఎంవీపీలు, ఆరు టైటిల్స్, అన్నీ 33తోనే. 1971లో మిల్వాకీకి ఫైనల్స్ ఎంవీపీ అయినవాడు, మళ్లీ 1985లో లేకర్స్‌తో 38 ఏళ్ల వయసులో బర్డ్ ఆడుతున్న బోస్టన్‌ని ఓడించి ఫైనల్స్ ఎంవీపీ అయ్యాడు. తల మీదుగా ఒంటి చేత్తో వేసే ఆ స్కై హుక్ షాట్‌ని ఆపడం ఎవరికీ చేతకాలేదు. బర్డ్‌ని ఇష్టపడేవాళ్లు నా మీద కోప్పడినా ఫర్వాలేదు.

ఇంకో మాట. మీరు అచ్చువేసిన పేర్లలో ఒక్క మహిళ కూడా లేదు. ప్రశ్న బాస్కెట్‌బాల్ గురించి అయినప్పుడు 10కి సూ బర్డ్ పేరు రాకపోవడం ఏమిటి? సియాటెల్‌కి నాలుగు టైటిల్స్, అమెరికాకి ఐదు ఒలింపిక్ స్వర్ణాలు, మహిళల లీగ్ డబ్ల్యూఎన్‌బీఏలో అందరికంటే ఎక్కువ అసిస్ట్‌లు (తోటివాళ్లు పాయింట్లు వేసేలా ఇచ్చే పాస్‌లు). 3 అనగానే ఐవర్సన్, వేడ్ అని ఆగిపోతున్నారు, డబ్ల్యూఎన్‌బీఏలో ఎక్కువ పాయింట్ల రికార్డు ఉన్న డయానా టొరాసీ నంబర్ కూడా అదే, ఆమెకి ఆరు ఒలింపిక్ స్వర్ణాలు. మన ఊళ్లలో బాస్కెట్‌బాల్ ఆడే ఆడపిల్లలు ఈ పేజీ చదువుతారు.

నంబర్ల మీద ఇంత పట్టింపు ఎందుకని అడిగేవాళ్లకి 2017 గుర్తు చేస్తాను. శ్రీలంకలో శార్దూల్ ఠాకూర్ 10 వేసుకుని దిగితే సచిన్ అభిమానులు ఎంత గొడవ చేశారో, చివరికి అతను నంబరే మార్చుకోవాల్సి వచ్చింది. ఒక ఆటగాడు ఏళ్లపాటు మోసిన నంబర్‌కి విలువ ఉందని మనవాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్‌లో చాలాకాలం 4 నుంచి 15 వరకే నంబర్లు ఉండేవి, 1992 ఒలింపిక్స్‌లో జోర్డాన్ 9తో ఆడింది అందుకే. ఆ మ్యాచ్‌లని ఏ ఖాతాలో వేయాలన్నది కూడా మీరే తేల్చాలి, నన్నడిగితే 9లోనే వేయాలి.

దయచేసి ఓటింగ్ ముగిసేలోపు ఈ నియమాన్ని అచ్చువేయండి, 6 మీద మాత్రం మళ్లీ మొదటి నుంచి ఓట్లు అడగండి.

ఇట్లు,
మీ పేపర్ పాఠకుడు,
విజయవాడ